దీనికి పేరేమి?

బళ్ళారి సీమలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలవారికి ఒక ప్రశ్న బాగా పరిచయమే. రైలు ప్రయాణంలోనో, పెండ్లి సంబంధాల మాటల్లోనో కొత్తవారు మన మాట తీరు విని, "తమరు తెలుగువారా, కన్నడిగులా?" అని అడుగుతారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో రెండూ కలిసిన మాట. దీనికంతకూ ఒక్క పేరు చెప్పమంటే ఏమి చెప్పేది? 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయినవి. బళ్ళారి పట్టణమూ తక్కిన తాలూకాలూ మైసూరులో చేరినవి. గీత గీసినవారికి అది ఒక్కనాటి పని. ఆ గీత పక్కన కాపురం చేసేవారికి మాత్రం అది ప్రతిదినపు వ్యవహారం.

ఇటువంటి ప్రశ్ననే తనకు పేరుగా పెట్టుకున్న సంగీత రచన ఒకటి ఉన్నది. ఇళయరాజా 1986లో వెలువరించిన "హౌ టు నేమ్ ఇట్?" అనే వాద్యసంగీత సంపుటి అది. "దీనికి పేరెట్లా పెట్టేది?" అని ఆ మాటకు అర్థం. అందులో పది రచనలున్నవి. పాట లేదు, పాడేవారు లేరు; ప్రధానంగా తీగవాద్యాలే నడిపిస్తవి. ముందు నిలిచి ఫిడేలు వాయించినవారు వి. ఎస్. నరసింహన్. ఈ సంపుటిని రచయిత ఇద్దరు మహానుభావులకు అంకితం చేసినాడు: ఒకరు మన త్యాగరాజస్వామి, రెండవవారు జర్మనీ దేశపు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. రాగమేమో మనది, అల్లిక బాఖ్ కాలపు బరోక్ పద్ధతిది, అక్కడక్కడ వినిపించే బేస్ గిటారు, డ్రమ్ముల నడక మాత్రం నిన్నమొన్నటి రాక్ సంగీతం నుంచి వచ్చినది. ఈ మూడూ ఒక ఇంట ఎట్లా ఇమిడినవో తెలుసుకోవడం మనవంటివారికి వినోదం మాత్రమే కాదు, పనికివచ్చే పాఠం కూడాను.

రెండు భాషల చిత్రసీమల నడుమ

ఇళయరాజా తమిళనాడులోని పణ్ణైపురంలో 1943లో జన్మించినాడు. మద్రాసు చేరి ధన్‌రాజ్ మాస్టరు వద్ద పాశ్చాత్య సంగీతం అభ్యసించినాడు. లండను ట్రినిటీ కళాశాలవారి గిటారు పరీక్షలో బంగారు పతకం పొందినాడు. తమిళంలో "అన్నక్కిళి" (1976)తో స్వతంత్ర సంగీత దర్శకుడు కాకముందు జి. కె. వెంకటేశ్‌గారి వద్ద సహాయకుడిగా ఏండ్ల తరబడి పనిచేసినాడు. ఆ పని ఎక్కువగా కన్నడ చిత్రాలకే. ఆ తరువాత మన సినిమాహాళ్ళలో "గీత" (1981), "పల్లవి అనుపల్లవి" (1983) అనే కన్నడ చిత్రాలకూ, "సాగరసంగమం" (1983), "స్వాతిముత్యం" (1986) అనే తెలుగు చిత్రాలకూ ఆయన సంగీతమే. కన్నడ ఆటకు పోయినవారూ, తెలుగు ఆటకు పోయినవారూ ఒకే చేతి వ్రాతను విన్నారన్నమాట.

ఆ రోజుల్లో మద్రాసు రికార్డింగు థియేటర్లలో ఫిడేళ్ళ బృందాలు పాశ్చాత్య స్వరలిపిని చూచి వాయించేవి. ఎవరు ఎప్పుడు ఏ స్వరం పట్టవలెనో ఇళయరాజా ముందుగానే కాగితం మీద వ్రాసి ఇచ్చేవాడు. ఒక పాట నడుస్తుండగా దాని క్రిందుగా ఇంకొక పాట, దానికి పక్కగా వేరొకటి నడిపించే నేర్పు అక్కడ పదునెక్కినది. సినిమా పాటలో చరణానికీ చరణానికీ మధ్య క్షణకాలం మెరిసే ఆ విద్యకు "హౌ టు నేమ్ ఇట్?" లో పూర్తి చోటు దొరికినది.

బరోక్ అంటే ఏమి, రాక్ అంటే ఏమి?

ఐరోపాలో సుమారు 1600 నుంచి 1750 వరకు నడిచిన సంగీత కాలాన్ని బరోక్ అంటారు. వివాల్డీ, హాండెల్, బాఖ్ (1685–1750) ఆ కాలంవారే. ఆ సంగీతానికి అడుగున ఎప్పుడూ ఒక మంద్రస్వరాల వరుస నడుస్తుంటుంది. పాఖెల్‌బెల్ అనే ఆయన మూడు ఫిడేళ్ళకు వ్రాసిన ప్రసిద్ధమైన కానన్‌లో ఎనిమిది స్వరాల మంద్ర వరుస ఒకటి ఇరవై ఎనిమిది పర్యాయాలు మారకుండా తిరిగి తిరిగి వస్తుంది. మీద మూడు ఫిడేళ్ళు ఒకదాని వెంట ఒకటి అదే పాటను అందుకుంటవి. మన తంబురా శ్రుతి కదలకుండా నిలుస్తుంది. ఇది కదులుతూనే నిలుస్తుంది. భేదం అంతే.

ఇక రాక్ సంగీతంలోని బేస్ గిటారు చేసేదేమి? నాలుగైదు స్వరాల చిన్న వరుసను పట్టుకుని పాట పొడవునా తిప్పుతుంది. దానిని వారు రిఫ్ అంటారు. మూడు వందల ఏండ్ల ఎడమున్నా రెండింటి కట్టడం ఒక్కటే. ఈ పోలికను పడమటి యువకులు ముందే గుర్తించినారు. 1967లో ప్రోకల్ హారం అనే ఇంగ్లీషు బృందం బాఖ్ ఛాయగల ఆర్గన్ వాద్యంతో ఒక పాట చేసి ప్రపంచప్రసిద్ధి పొందినది. 1969లో డీప్ పర్పుల్ అనే రాక్ బృందం లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో రాయల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో కలిసి వేదిక ఎక్కినది. 1971లో ఇటలీలోని న్యూ ట్రోల్స్ బృందం, బాకలోవ్ అనే స్వరకర్త సహాయంతో, "కాంచెర్టో గ్రోసో" అనే బరోక్ రూపాన్నే పేరుతో సహా తీసుకుని ఫిడేళ్ళనూ ఎలక్ట్రిక్ గిటార్లనూ ఒకచోట కూర్చినది.

ఇంకొక సంగతి కూడా గమనింపదగ్గది. బరోక్ రచన సాధారణంగా ఎత్తుకున్న కాలప్రమాణాన్ని చివరివరకు విడువదు. మన కృతి కూడా అంతే. ఎత్తుకున్న కాలం జారితే పెద్దలు మొగం చిట్లిస్తారు. రాక్‌కు డ్రమ్ము తప్పకుండా నడవడమే ప్రాణం. మూడింటికీ ఈ లయనిష్ఠ ఉన్నది కాబట్టే ఒక పందిరి క్రింద చేరగలిగినవి. లాగుతూ, సాగదీస్తూ పోయే తరువాతి కాలపు ఐరోపా సంగీతానికి డ్రమ్ము చేర్చి చూస్తే ఇంత సులభంగా అతకదు.

సరళీస్వరంలో ఒక పరీక్ష

బరోక్ రూపాలలో కఠినమైనది ఫ్యూగ్. దీనిని చెప్పడానికి మన చెక్కభజన మంచి ఉపమానం. ముందువారు ఒక చరణం అంటారు, వెనుకవారు దానిని అందుకుంటారు. కాని భజనలో వెనుకవారు అందుకున్నప్పుడు ముందువారు ఊరకుంటారు. ఫ్యూగ్‌లో ఊరకుండరు. మొదటివాడు తన పాటను ఇంకా ముందుకు నడుపుతుండగానే రెండవవాడు అదే పాటను పంచమం నుంచి ఎత్తుకుంటాడు. తరువాత మూడవవాడు, నాలుగవవాడు. ఎవరి దారి వారిదే, అయినా ఎవరూ ఎవరినీ త్రొక్కరాదు.

ఇందులోని కష్టం తెలియాలంటే ఇంట్లో ఇద్దరు పిల్లలు చాలును. మాయామాళవగౌళలో మొదటి సరళీ వరుసను ఒకరు మొదలుపెట్టవలెను. ఆ పిల్ల గాంధారం చేరిన క్షణాన రెండవ పిల్ల షడ్జమం ఎత్తుకోవలెను. అప్పుడు స–గ, రి–మ, గ–ప, మ–ద, ప–ని, ద–స అని జంటలు జంటలుగా స్వరాలు ఎంతో పొందికగా పలుకుతవి. అయితే మొదటి పిల్ల పైషడ్జమం తాకి దిగడం మొదలుపెట్టగానే ఒకరి నోట "స", మరొకరి నోట "ని" కలిసి వచ్చి ఒరుసుకుంటవి. మరుక్షణం అదే ఒరిపిడి తిరగబడి వస్తుంది. ఆ రెండు మాత్రలు దాటితే మళ్ళీ పొందిక. ఆ మలుపు దగ్గర ఏమి చేయవలెనన్నదే ఫ్యూగ్ వ్రాసేవాని విద్య. కొన్ని ఒరిపిడులను తప్పిస్తాడు, కొన్నింటిని కావలెననే ఉంచి, తరువాతి స్వరంలో తీరుస్తాడు.

దీనికి రాగం కూడా తోడైతే చిక్కు రెండింతలు. ఇళయరాజా తన సంపుటిలోని "మ్యాడ్ మాడ్ మూడ్ ఫ్యూగ్" అనే రచనకు కల్యాణి రాగం ఎన్నుకున్నాడు. కల్యాణిలోని ఒక సంచారాన్ని ఉన్నదున్నట్లు పంచమం నుంచి మళ్ళీ ఎత్తుకుంటే, ప్రతిమధ్యమం పలకవలసిన చోట శుద్ధ రిషభం వచ్చి పడుతుంది. అది కల్యాణిలో లేని స్వరం. పోనీ కల్యాణి స్వరాలను విడువకుండా వాయిద్దామంటే, గ్రహభేదం వల్ల పంచమం ఆధారంగా శంకరాభరణం ఛాయ తోస్తుంది. ఒక త్రోవలో రాగం చెడుతుంది, రెండవ త్రోవలో పాట మారుతుంది. కల్యాణిలో ఫ్యూగ్ అల్లబోయినవారెవరికైనా ఈ రెండు త్రోవల నడుమ అడుగడుగునా నిర్ణయం తప్పదు. రెండు శాస్త్రాలు తెలిసినవానికి తప్ప ఈ చిక్కు ఉన్నట్లే తెలియదు.

"ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్" అనే రచన మరొక రీతిది. బాఖ్ ఒంటరి ఫిడేలుకు వ్రాసిన మూడవ పార్టిటాలోని ఆరంభఖండాన్ని తీసుకుని దాని చుట్టూ ఇతర వాద్యాల పలుకులు కూర్చినాడు. ఇది అపచారమని కొందరనవచ్చును. కాని 1720 నాటి స్వహస్తప్రతిలో ఉన్న ఆ ఖండాన్ని బాఖే తరువాత 1731లో తన దేవాలయ గానం ఒకదానికి ఆర్గన్‌తోనూ వాద్యబృందంతోనూ పెంచి వ్రాసుకున్నాడు. ఇంటి యజమానే గోడ జరిపి గది పెంచినప్పుడు, అతిథి ఇంకొక కిటికీ పెడితే తప్పు పట్టడమెందుకు?

గమకం మాటేమి?

అయినా పెద్దలు అడిగే ప్రశ్న ఒకటి న్యాయమైనదే. మన స్వరం నిలువు కంబం కాదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. నలుగురు నాలుగు స్వరాలను ఒకేసారి ఇట్లా ఊపితే వినేవానికి గందరగోళమే. అందుకని ఇటువంటి రచనలలో బృందం స్వరాలను నిలువుగా పట్టుకుంటుంది. గమకం భారం ముందున్న ఒక్క ఫిడేలు మీదనే పడుతుంది. దీనివల్ల కొంత నష్టం ఉన్నమాట నిజమే. తోడి, సావేరి వంటి రాగాలు ఈ చట్రంలో ఇమడడం చాలా కష్టం. కల్యాణి, శంకరాభరణం వంటివి మాత్రం కొంతవరకు సర్దుకుంటవి. కాబట్టి ఈ మార్గం కచేరీకి బదులు కాదు. ఎవరైనా బదులని చెప్పితే నమ్మనక్కరలేదు. ఇది పక్కన వేసుకున్న మరొక పీట.

కలవడం కొత్తదా?

అసలు ఫిడేలే మనది కాదు గదా! ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో పాశ్చాత్య విద్వాంసుని వద్ద దానిని నేర్చి మన సంగీతానికి అమర్చినాడు. తెల్లవారు నిలబడి గడ్డం క్రింద ఆనించి వాయించే వాద్యాన్ని మనవారు నేలమీద కూర్చుని, తల భాగాన్ని కాలిమడమ దగ్గర ఆనించి, తీగలను స–ప–స–ప అని శ్రుతిచేసి, జారుడుకు అనువుగా మార్చుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలు విని వాటి వరుసలకు సుమారు నలభై సాహిత్యాలు కట్టినాడు. నోట్టుస్వరాలని నేటికీ పిల్లలకు నేర్పుతున్నారు. ఇంగ్లండు రాజగీతపు వరుసకు సంస్కృతంలో దేవతాస్తుతి అమరినది అట్లాగే.

బెంగుళూరులో పుట్టి విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులై ఆ పరాయి ఫిడేలును ఇంటిబిడ్డగా చేసినారు. 1952లో యెహూదీ మెనూహిన్ మద్రాసులో వారి వాద్యం విని ముగ్ధుడైనాడు. పాశ్చాత్య వాదన పద్ధతిలో కమాను పట్టే తీరును నాయుడుగారు శ్రద్ధగా పరిశీలించినవారే. తరువాతి కాలంలో పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) ఇటలీ వాద్యమైన మాండొలిన్‌ను అయిదు తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చి, 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల వేదికపై తొలి కచేరీ చేసినాడు. రాక్ గిటారుకు సోదరివంటి ఆ వాద్యంపై త్యాగరాజ కీర్తన పలికినప్పుడు మొదట కనుబొమలెత్తినవారే తరువాత చేతులు జోడించినారు.

మన గడ్డ మీదికే వద్దాము. విజయనగర రాజ్యంలో అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు 1550లో "స్వరమేళకళానిధి" రచించినాడు. వీణకు మెట్లు బిగించే విధానాలను వివరిస్తూ, ఒక్కొక్క రాగానికి మెట్లు మార్చుకోవలసిన వీణనూ, అన్ని రాగాలకూ స్థిరంగా మెట్లు నిలిపిన వీణనూ వేరువేరుగా చెప్పినాడు. బాఖ్ అన్ని శ్రుతులలోనూ వాయించడానికి వీలయ్యే తంత్రీవాద్యానికి తన మొదటి సంపుటిని సమకూర్చినది 1722లో. చిక్కు రెండు చోట్లా ఒకే జాతిది: స్థిరమైన కొన్ని స్థానాలతో అన్ని రాగాలనూ పలికించడమెట్లా? ఆ ఆలోచన మన తుంగభద్ర ఒడ్డున నూటడెబ్బై ఏండ్లు ముందుగా సాగినది.

నాటకరంగంలోనూ బళ్ళారిది ఇదే దారి. ఇక్కడ వకీలుగా ఉండిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) సరసవినోదినీ సభను నెలకొల్పి, సంస్కృత నాటకానికి కూడని విషాదాంతాన్ని "విషాద సారంగధర"తో తెలుగు రంగస్థలం మీదికి తెచ్చినారు. పద్యం మనది, రాగం మనది, ముగింపు షేక్స్పియరు బాణీది. ఆనాడు అభ్యంతరం చెప్పినవారున్నా, నేడు ఆయనను ఆంధ్రనాటక పితామహుడంటున్నాము. ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) ఆ నాటకకళను దేశమంతటా ప్రసిద్ధం చేసినాడు.

పేరు పెట్టబడిన ఆ ఇద్దరు మహానుభావులు మాత్రం వేరా? బాఖ్ జర్మను గడ్డ దాటి ఎన్నడూ పోలేదు. అయినా వివాల్డీ రచనలను తన వాద్యానికి మార్చి వ్రాసుకుని ఇటలీ పద్ధతి నేర్చినాడు, ఫ్రెంచి నాట్యాల వరుసలు కూర్చినాడు. త్యాగరాజస్వామి (1767–1847) తమిళదేశంలో కావేరి ఒడ్డున కూర్చుని తెలుగులో పాడుకున్నాడు. ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఒకటిగా బ్రతికిన మహాకవి ఆయన. మన బళ్ళారివారి పరిస్థితి ఆయనకు బాగా అర్థమయ్యేది.

కలపడం వేరు, కలగాపులగం వేరు

అయితే రెండింటినీ ఒకచోట వేసినంతమాత్రాన సంగీతం కాదు. ఒక కీర్తన క్రింద డ్రమ్ము కొట్టి, పైన గిటారు మ్రోగించి, దానికి ఏదో పేరు పెట్టి వదిలే ప్రయత్నాలు నేడు కొల్లలు. వాటిలో కీర్తన రాని వానికి కీర్తన వినిపించదు, గిటారు తెలిసినవానికి గిటారు వినిపించదు. ఇళయరాజా రచన నిలిచినదంటే, అందులో రాగం తన కట్టుబాటును విడువలేదు, బరోక్ అల్లిక తన కట్టుబాటును విడువలేదు. సర్దుబాటు చేసుకోవలసిన భారమంతా రచయిత తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన ఎనభై దాటిన వయసులో 2025 మార్చి 8న లండనులో తన సింఫొనీ "వాలియంట్" ను రాయల్ ఫిల్‌హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రాతో వినిపించినాడు. దాని వెనుక ఉన్నది ఈ ఏండ్ల తరబడి చాకిరీయే.

ఇందులో మన కుటుంబాలకు పట్టింపు ఉన్న సంగతి ఒకటి ఉన్నది. మన పిల్లలు గిటారు, కీబోర్డు నేర్చుకుంటున్నారు. అమ్మమ్మలు వర్ణం నేర్చుకోమంటారు. పిల్లలు అది మాది కాదంటారు. ఇంట్లో ఫిడేలు ఉన్నవారు దానిని అటక మీద పెట్టి, వాయించేవారు లేరని నిట్టూరుస్తారు. భాష సంగతీ ఇంతే. పిల్లవాడు తెలుగులో కన్నడం కలిపినాడని మందలిస్తాము గాని, తెలుగు చదవను, వ్రాయను కూర్చోబెట్టి నేర్పము. కలవడం వల్ల ఏదీ చావదు. నేర్పకపోవడం వల్ల చస్తుంది. కల్యాణి రానివాడు కల్యాణిలో ఫ్యూగ్ వ్రాయలేడు. తెలుగు రానివాడు తెలుగు కన్నడాలను అందంగా కలిపి మాట్లాడలేడు, రెండింటినీ విరిచి మాట్లాడుతాడు.

కాబట్టి మన సంఘాలవారు ఒక చిన్న పని తలపెట్టవచ్చును. వచ్చే పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధననాడు, పెద్దల కీర్తనలు ముగిసిన పిమ్మట పావుగంట పిల్లలకు విడువవలెను. ఫిడేలు నేర్చినవారు ఇద్దరు, గిటారు నేర్చినవాడు ఒకడు, కీబోర్డు వచ్చిన పిల్ల ఒకతె చాలును. మొదట పైన చెప్పిన సరళీ వరుసను రెండు గొంతులుగా వాయించవలెను. తరువాత శంకరాభరణంలో ఒక నోట్టుస్వరం. అడుగున గిటారు నాలుగు స్వరాల వరుస తిప్పితే సరిపోతుంది. "స–ని" ఒరుసుకున్న చోట సభలో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆ మలుపు ఎట్లా దాటవలెనో పిల్లలే ఆలోచించి మరుసటి ఏటికి సరిచేసుకుని వస్తారు. అటక మీది ఫిడేలుకు కొత్త తీగలు వేయించడం మాత్రం పెద్దల వంతు.